ఏ తర్జుమా కావాలె

ప్రకాశం బజార్ల, చెప్పుల దుకాణానికీ
మిక్సీలు బాగుజేసే షాపుకూ నడుమ
ఆరడుగుల నా కొట్టు.
ఆయన పోయినంక పదకొండేండ్లుగ నేనే కూసుంటున్న.
వచ్చినోళ్ళు వాక్యం అడగరు, ముందుగాల జిప్పు అడుగుతరు.
జిప్పున్నదా, అంచుకు బంగారు పూతున్నదా,
ప్రభువు మాటలు ఎర్రసిరాల ఉన్నయా.
పెండ్లికైతే తెల్ల అట్ట.
పాస్టరమ్మకైతే పర్సుల పట్టేది.
పోయినోళ్ళ పెట్టెల పెట్టనీకె అన్నిట్ల చవకది.
ఆ చివరిదాని మీద లాభం ఏసుకోను.
ఏసుకున్న ఒకపారి. ఆ సంగతి వద్దు.

డిసెంబర్ల కార్గో బస్సు దించిన పార్సెళ్ళు
గోనెసంచి వాసనతోటి వస్తయి.
పాత తర్జుమాకు నూటికి పన్నెండు కమీషను,
కొత్తదానికి ఇరవై రెండు,
యాభై అమ్మితే గోడగడియారం సుత.
నా కొట్ల ఇప్పుడు నాలుగున్నయి,
నాలుగూ నాలుగు టైములు.
కంపెనీ పిల్లగాడు, ఎండల టై కట్టుకొని, అంటడు:
"వాడుక భాష మేడమ్. చిన్నపిల్లలకు గూడ అర్థమైతది."
పాతదాన్ల "చెప్పెను".
కొత్తదాన్ల "చెప్పాడు".
రెండూ తిరగేసి అడిగిన,
"చెప్పిండు అని ఉన్నది ఏదన్న వచ్చిందా బిడ్డా?"
పిల్లగాడు నవ్విండు,
ఐదో గడియారం రంగు చూపించిండు.

మొన్న మంగళవారం పొద్దుగాల మర్రిగూడ దిక్కు నుంచి
ఏర్పుల తీతు వచ్చిండు.
ఫ్లోరైడు నీళ్ళు తాగి పెరిగిన ఒళ్ళు.
మోకాళ్ళు బయటికి విల్లులెక్క,
మెడ కిందికి వంగదు, పక్కకు మర్లదు.
నన్ను చూడాలంటే మనిషి మనిషే తిరగాలె.
"నడవరానోడు లేచి నడిచిన కాడ తియ్యమ్మా,
మూడిట్ల తియ్యి.
వాన్ని ఏమని పిలిచిండ్రో చదువు."

తీసిన. చదివిన.
మొదటిదాన్ల కుంటివాడు.
రెండోదాన్ల కాళ్ళు పడిపోయిన రోగి.
మూడోది ఈ మధ్య అచ్చైంది, మంచి కాగితం,
వికలాంగుడు.

తీతు చానసేపు సప్పుడు జెయ్యలే.
మిక్సీ షాపుల ఒక మోటరు అరిచి ఆగింది.
"మూడోది పింఛను ఆఫీసుల పిలిచినట్టున్నది.
వేలిముద్ర పడుతలేదు, రేపు రా అంటరు సూడు, గట్ల.
రెండోది పెద్దదవఖాన.
మొదటిది మా ఊరే."
"మరి మొదటిది కట్టమంటవా?"
"ఊరు ఉత్తగ పిలిచే పిలుపును
నూట ఎనభై పెట్టి కొనుక్కపోవాల్నా అమ్మా?"
అని నవ్విండు. నోరొక్కటే నవ్వింది, మెడ కదల్లే.

నాకు అమ్మే మాట ఒక్కటి దొరకలే.
ఇరవై రెండు శాతం మాత్రం యాదికొచ్చింది, అబద్ధమెందుకు.

అప్పుడు ఆయనే ఒక్కొక్క పుస్తకం
కండ్ల ఎత్తుకు లేపి పట్టిండు.
వంగని మెడకు ఒళ్ళె పెట్టుకొని చదవనీకె రాదు,
పుస్తకమే మీదికి రావాలె.
రోగి అన్నదానికి రెండు నిమిషాలల్ల చెయ్యి వణికింది.
వికలాంగుడు అన్నదానికి అట్టనే అరకిలో.
పై అరల ఎతికితే పాతదాన్లనే చిన్నసైజు దొరికింది,
ఉల్లిపొర కాగితం, ఆవగింజ అక్షరాలు.
"కనబడతయా?" అన్న.
"కండ్లను నీళ్ళు ముట్టలేదమ్మా.
ఇది నిలుస్తది."

దాని మీద దుమ్ము నా కొంగుతోటి తుడిచిన.
బిల్లు పుస్తకంల తర్జుమా పేరు రాసే గడి ఉంటది,
పెన్ను అక్కడ ఆగితే
తీతు అప్పటికే గల్మల నిలబడి, చేతులు మీదికెత్తి,
బజారుకు వినబడేటట్టు చదవబట్టిండు.
కాగితం మీద "చెప్పెను" ఉన్నది, నాకెరుకే.
ఆయన నోట్ల "చెప్పిండు" అన్నది.
"లేచెను" ఉన్నకాడ "లేచిండు".
కుంటివాడు ఉన్నకాడ జరసేపు ఆగి,
గొంతు సగబెట్టుకొని,
"ఒకాయన" అన్నడు.