పద్నాలుగో బిల్డ్

"మా దగ్గర రావడం లేదు" అని
మూడోసారీ తిప్పి పంపారు.
హిల్కా చేతిలో టాబ్లెట్టుకి మాత్రం
గాలి సోకినట్టే ఉంది:
ఎవరూ తాకకుండానే తెర తలకిందులు,
నలభై శాతం చార్జింగు ఒక్క గుక్కలో సున్నా.

ఆపి వెలిగించింది. క్యాషే తుడిచింది.
అంతా చెరిపి మొదటికి తెచ్చింది.
ఆఫీసు వెచ్చదనంలో అదెంత బుద్ధిమంతురాలో!

చివరికి బూట్లు తొడుక్కుని
ఔలు ఊరి గడ్డకట్టిన సముద్రం మీదికి నడిచింది.
మైనస్ పదకొండు.
గ్లవ్ పళ్లతో లాగి నిలబడింది.

మంచు రేకు ఒకటి వాలి
తెర వేడికి కరిగింది:
ఒక అక్షరం.
మరో రేకు, మరో అక్షరం.
ఏ భాషలోనూ లేని మాట
నింపాదిగా, ఒక్క తప్పూ లేకుండా.

అక్కడే రిపోర్టు మొదలెట్టింది:
"ముందుగా, మంచు కురిసేదాకా ఆగండి."
తీవ్రత ఎంతని అడిగే గడిని మాత్రం
ఖాళీగా వదిలింది,
ఇంకో రేకు వాలేదాకా.