మూడు వందల బాకీ

పుదుప్పేటలో మాది ఆఖరి షెడ్డు,
కూవం వాసన మొదలయ్యేచోట.
సైలెన్సర్లు, ఛాసిస్ ముక్కలు, ఎవరివో కారు తలుపులు.
నా దగ్గరికి రాని ఇనుము లేదనుకున్నాను
మార్గళి ముసురులో మస్తాన్ వచ్చి గోనెసంచి దులిపేదాకా.

నేలమీద పడింది, నిచ్చెనలాంటి గొలుసు.
రెండు పొడుగు వరసలు, మధ్య అడ్డ మెట్లు.
నాలుగు మెట్లు తెగి ఉన్నాయి.
"ఏనుగుదా?" అన్నాను.
"లారీది. మంచులో టైరుకి తొడుగుతాం."

నేను మంచు చూసింది
చేపల పెట్టెల్లో, శవాల పెట్టెల్లో.
దానిమీద బండి తోలతారని వినలేదు.

టీ చల్లారేదాకా చెప్పాడు.
పోయేటప్పుడు కార్గిల్‌కి జనరేటర్లు,
తిరుగుబండికి కోయంబేడు ఆపిల్స్.
సోనామర్గ్ దగ్గర పోలీసు చెయ్యి అడ్డం పెడతాడు,
గొలుసు లేని బండి వెనక్కి.
దిగి, గొలుసు రోడ్డుమీద పరిచి,
చక్రాన్ని మెల్లగా దానిమీదికి ఎక్కించి,
ముందు లోపలి కొక్కెం, తర్వాత బయటిది.
నాలుగు ఫర్లాంగులు పోయి ఆపాలి.
దిగాలి. మళ్ళీ బిగించాలి.
"మొదటిసారి ఎంత బిగించినా వదులే అన్నా.
బండి కదిలాకే దానికి తన చోటు తెలిసేది."

మంచు అయిపోయిన మలుపులోనే విప్పెయ్యాలట.
తారు తగిలితే గొలుసు రోడ్డుని తింటుంది,
రోడ్డు గొలుసుని తింటుంది,
మధ్యలో టైరు.
ఈ నాలుగు మెట్లూ అలా పోయినవే.
కునుకు తీస్తున్న తిరుపాలుని లేపబుద్ధి కాక
పదిమైళ్ళు విప్పకుండా తోలాడు.

తిరుపాలు క్లీనరు. లారీలోంచి దిగలేదు.
టీ గ్లాసు అందుకున్నప్పుడు చూశాను,
కుడిచేతి రెండు వేళ్ళకి చివర్లు లేవు.
చేతికి తొడుగుంటే లోపలి కొక్కెం అందదట.
తొడుగు తీస్తే ఇనుము చర్మాన్ని వదలదట.
అంతకు మించి నేను అడగలేదు. వాడూ చెప్పలేదు.

మామూలు రాడ్డు పనికిరాదు దీనికి.
ఒక్కో మెట్టూ ముందు కాచి,
అతుకు వేసి, ముసురు చినుకు తగలనీకుండా
బూడిదలో పూడ్చిపెట్టాను.
తొందరగా చల్లారిన అతుకు
పైకి బాగానే ఉంటుంది, లోపల పెళుసు.
నిప్పు దగ్గర బతికే నాకు
చలి గురించి తెలిసింది అదొక్కటే.

కొలత సరిచూద్దామని వెనక చక్రానికి తొడిగాం.
వీధంతా పోగైంది.
ఇన్బరాజ్, నా దగ్గర పని నేర్చుకునే కుర్రాడు,
చెరకురసం బండి దగ్గర్నుంచి ఐసుగడ్డలు తెచ్చి
చక్రం ముందు పేర్చాడు, కొబ్బరికాయ కొట్టబోయే ముఖంతో.
బండి కదిలింది. కరకర.
చూసేలోపల నీళ్ళు.
నీళ్ళు కాలవలోకి.
మా ఊరి చలికాలం అంతసేపే నడిచింది.
తిరుపాలు మొదటిసారి నవ్వాడు.

రాత్రి షట్టరు దించి, మళ్ళీ ఎత్తాను.
పాత స్కూటరు హ్యాండిలు కోసి,
కొసన కొక్కెం వంచి, మూరెడు పిడి చేశాను,
తొడుగు తియ్యకుండా లోపలికి అందేలా.
దానికి సైకిలు ట్యూబు చుట్టాను, మూడు చుట్లు.
పొద్దున చేతిలో పెడితే తిరుపాలు
అటూ ఇటూ తిప్పి చూసి
ఏం మాట్లాడకుండా చంకలో పెట్టుకున్నాడు.

పిడి లెక్కలో రాయలేదు.
గొలుసు డబ్బులకే మూడు వందలు తగ్గాయి మస్తాన్ దగ్గర.
"ఫోన్లో వేస్తా అన్నా, నెంబరు చెప్పు."
నెంబరు ఉంది. చెప్పలేదు.
"వచ్చాక ఇద్దువులే" అన్నాను.

బాకీ ఉంటే వాడికి నిద్రపట్టదు, నాకు తెలుసు.
ఆ కొండమీద వాడికి నిద్ర పట్టకూడదు.