గాలి ఎటునుంచి వస్తుందో

ఇళ్ళులేనివాళ్ళ కోసం ఒక్క రాత్రి
రోడ్డు మీద పడుకుందామని
ఆర్నెల్ల మీటింగుల తర్వాత తేలింది.
బీచ్‌రోడ్డులో రెండు దీపస్తంభాల మధ్య ఫ్లెక్సీ కట్టాం.
నలభైరెండుమందిమి. తలకో అట్టముక్క,
ఫ్రిజ్జుల షాపువాళ్ళు ఊరికే ఇచ్చినవి.
చందా డబ్బా నా చేతిలో.
లెక్కలవాడినని నాకు పేరు,
పడ్డ బిళ్ళ ఎంతదో చప్పుడు విని చెప్పేస్తాను.

పదిన్నరకి జనం పలచబడ్డారు.
పొత్తుల బండి బొగ్గులార్పుకుని వెళ్ళిపోయింది.
లంగరేసిన ఓడలు మాత్రం
మాకేం అద్దెలా అన్నట్టు
దీపాలన్నీ వెలిగించుకుని కూచున్నాయి.

అప్పుడు చూశాను ఆమెని.
సంచీ చంకన పెట్టుకుని
బస్సు కోసం నిలబడ్డట్టు నిలబడి ఉంది.
చందా అడగబోయాను. అలవాటు.
"మీదెప్పుడౌద్దో అని సూస్తన్నాను బాబూ.
మీరు పరిసింది నా సోటు."

నలభైరెండు అట్టల్లో
ఆమె చోటేదో అడగడానికి నోరు రాలేదు.
హైమవతి మేడం మైకు కట్టేసింది.

పేరు నూకరత్నం.
కంచరపాలెం మెట్ట దగ్గర ఇల్లుండేదట,
హుద్‌హుద్‌కి రేకులెగిరిపోయాయి,
ఆనక అద్దెలెగిరాయి, అని
తనే నవ్వి
మా వరసంతా ఒకసారి నడిచి చూసింది,
పరీక్షహాల్లో పంతులమ్మలా.

"ఇటు తలెడితే రెండో జాముకి గాలి కొట్టేస్తాది.
గోడేపు తిరగండి.
సెప్పులు తలకిందెట్టుకోండి,
మెత్తగుంటాదని కాదు, పొద్దున్నకి ఉంటాయని.
మూడింటికి తుడిసే మడిసొస్తాది, మంచిదే,
లెగమంటే లెగండి.
పోలీసు బండొస్తే మాత్రం
ముందే నడిసిపోతన్నట్టు ఉండాల."

నలభైరెండుమందిమీ లేచి
అట్టలు తిప్పుకున్నాం.

పోలీసు బండి రానే వచ్చింది.
అనుమతి కాగితం చూసి
టీ తాగారా సార్, అని పలకరించి వెళ్ళింది.
ఆమె నడిచిపోబోతూ ఆగి
ఆ కాగితం వంక చాలాసేపు చూసింది.
"ఇలాటిదొకటి రాయించుకోడానికి ఎంతౌద్ది?"

డబ్బాలో ఎంతుందో నాకు తెలుసు.
అది మాత్రం తెలీదు.

ఆరింటికి సూర్యుడొచ్చాడు, వాకింగువాళ్ళొచ్చారు,
ఫొటోలు దిగాం, నడుములు పట్టుకున్నాం.
ఫ్లెక్సీ విప్పుతుంటే ఒక కొస తను పట్టుకుంది.
చీరలా నాలుగు మడతలు పెట్టి
సంచీలో తోసేసుకుంది.
మేం అడగలేదు. ఆమె చెప్పలేదు.

పుస్తకంలో రాశాను:
వసూలు ముప్పైఒక్కవేల నాలుగొందల అరవై.
ఖర్చు: మైకు, టీలు, తాళ్ళు.
ఫ్లెక్సీ ఒకటి, పన్నెండడుగులది,
వాడుకలో ఉంది.