తలకట్టు

నాకు ఫ్రెంచి రాదు.
పదకొండేళ్ళు దాన్ని చేత్తో పట్టుకున్నాను, అంతే.
తల్లకిందులు సీసపు అక్షరాలు
చీకట్లోనైనా వేలికొసకి తెలిసిపోతాయి,
అన్నంలో రాయి పంటికి తెలిసినట్టు.

సైగాన్‌లో, పడవల కాలవ పక్క,
చేపల పులుసు జాడీల గోదాము వెనక మా ప్రెస్సు.
ఎండాకాలం సంపాదకీయానికి కూడా ఆ వాసనే.

ఎడిటరు థుయేన్ గారు మొదటిరోజే చెప్పారు:
"మన భాషలో పత్రిక వెయ్యాలంటే
వాళ్ళ అనుమతి కావాలి.
వాళ్ళ భాషలో వాళ్ళని కడిగెయ్యడానికి అక్కర్లేదు.
పైన ఒక తెల్లవాడి పేరుంటే చాలు."

ఆ పేరు దెల్మాస్‌ది. కస్టమ్స్‌లో రిటైరైన ముసలాయన.
నెలకి పద్దెనిమిది పియాస్తర్లకి అద్దెకిచ్చాడు.
పేపరు మాత్రం ఎన్నడూ చదవలేదు,
కళ్ళజోడు పోయిందట.

"ముల్లుని ముల్లుతోనే తియ్యాలి" అనేవారు ఎడిటరు గారు.
తీశాక రెండు ముళ్ళూ పారేస్తామా,
ఒకటి మళ్ళీ పనికొస్తుందని చూర్లో దోపుతామా?
అడగలేదు. ప్రూఫు ఆలస్యమవుతోంది.

మా అరలో ఎప్పుడూ చాలని అక్షరం ఒకటుంది,
నెత్తిన తలకట్టులా చిన్న గీతున్న 'ఎ'.
స్వేచ్ఛకి అదొకటి కావాలట,
సౌభ్రాతృత్వానికొకటి,
సమానత్వానికి రెండు.
ఎడిటరు గారికి కోపమొచ్చిన వారం
మూడో కాలమ్ దగ్గరే అర ఖాళీ.
మామూలు 'ఎ' పేర్చి అచ్చేసేవాణ్ణి.
రాత్రి మా న్యాన్ దీపం ముందు కూర్చుని
సూదిమొన సిరాలో ముంచి
ఒక్కో కాగితం మీదా గీతలు పెట్టేది.
ఆరు వందల ప్రతులు.
చదువు రాని పిల్ల.

"ఇవాళ ఏం రాశార్రా?" అని మా అమ్మ అడిగేది.
"మూడు కాలాలు, ఒక సబ్బు ప్రకటన" అనేవాణ్ణి.
అబద్ధం కాదు.

ఆ గురువారం ఇన్‌స్పెక్టరొచ్చాడు, ఇద్దరు సిపాయిలతో.
కట్టలోంచి ఒక ప్రతి లాగి
పైకి చదివాడు, మొదటి మాట నుంచీ,
ఒక్కో అక్షరం నమిలి నమిలి.
నా చేతిపని గొంతెలా ఉంటుందో
పదకొండేళ్ళకి విన్నాను.
బాగుంది.
అబద్ధమెందుకు, చాలా బాగుంది.

సగంలో ఆగాడు.
జేబులోంచి పెన్సిలు తీసి
న్యాన్ కునికిపాట్లలో వదిలేసిన 'ఎ' ఒకదాని మీద
గీత పెట్టాడు.
చిన్నప్పుడు ఏ పంతులో
వేళ్ళ మీద కొట్టి నేర్పిన అలవాటు కాబోలు.
చెవులు ఎర్రబడ్డాయి.
అప్పుడు, అరలన్నీ నేలకేసి కొట్టించాడు.

ఎడిటరు గారిని తీసుకెళ్ళారు.
దెల్మాస్ పేరు ఇంకో పత్రికకి అద్దెకెళ్ళింది.
సీసం ఊడ్చి, తూకానికి జాలర్లకి అమ్మాను,
కరగబోసి వలలకి గుళ్ళు కట్టుకుంటారు.
నదడుగున ఇప్పుడు సంపాదకీయాలున్నాయి,
చేపలకి అనుమతి అక్కర్లేదు.

పంట్లాం మడతలో ఒకటి మిగిలిపోయింది, గీతున్నదే.
న్యాన్ దాన్ని దీపానికెత్తి తిప్పి చూసి
"ఇదేమంటుంది నాన్నా?" అంది.

ఇన్‌స్పెక్టరు నోట విన్నట్టే పలికాను.
నాకొచ్చిన ఫ్రెంచి అదొక్కటే.