రెండు గుంజులు

రెండు గుంజులు. వదలమని.
అరచేతిలోంచి నాలుగు మూరల తాడు జారింది.
సీతానగరం వైపు రేవులో పడవ,
పడవలో నేను, ఫ్లాస్కు, దుప్పటి,
నీళ్ల కింద ఎక్కడో సలోమీ.

ధనుర్మాసం. బ్యారేజీ ఎగువన కృష్ణ
అప్పుడే దించిన అన్నంగిన్నెలా పొగలు కక్కుతోంది గానీ
చెయ్యి పెడితే ఎముకని కొరుకుతోంది.
కొండ మీద అమ్మవారి దీపాలు నీళ్లలోకి దిగి
నిలబడలేక వణుకుతున్నాయి.
రైలు వంతెన మీద గూడ్సు ఒకటి ఎంతకీ అయిపోదు.
యాభై ఎనిమిది పెట్టెలు లెక్కపెట్టాను.

"బాబాయ్, గాలి గంటకి సరిపోద్ది" అని దిగింది పిల్ల.
వీపున సిలిండరు, నుదుట దీపం,
మణికట్టుకి పలక, నీళ్లలో రాసే పెన్సిలు.
పగలు వల్లో పడేవి కాదంట,
రాత్రి తమంతట తాము తిరిగేవాటి లెక్క కావాలంట.
నవ్వొచ్చింది.
పట్టకుండా, వండకుండా, ఊరకే పేరు రాసుకోడానికి
ఈ చలిలో ఎవరు దిగుతారు?

నేనూ దిగినవాణ్ణే.
ఇరవై ఆరేళ్లు. పోలీసులు కబురు పెడితే.
కాలవల్లో, రేవుల్లో, ఖానాల దగ్గర సుడుల్లో.
సిలిండర్లు లేవు, మా అయ్య నేర్పిన ఊపిరి ఒకటే.
కళ్లు మూసుకునే దిగాలి, చేతులతో చూడాలి.
నా చేతులకి తెలిసినవి కొన్నే:
వేరు, తాడు, చీర కొంగు.
నాచూ జుట్టూ ఒకేలా తగుల్తాయి, ఒక్క క్షణం.
ఆ క్షణంలోనే నాకు తల నెరిసింది.

దొరికినవాళ్లని గట్టున పడుకోబెట్టి
మొహం చూడకుండా బీడీ ముట్టించేవాణ్ణి.
కుడి చెవి పగిలాక మానేశాను.
ఇప్పుడా చెవిలో ఎప్పుడూ నది హోరే.

ఒక గుంజు. బాగున్నానని.
నేనూ ఒకటి గుంజాను. ఉన్నానని.

కింద తవుడు రంగు నీళ్లలో మసక వెలుగు
కదుల్తుంది, ఆగుతుంది, వంగుతుంది,
ఎవరో లాంతరు పట్టుకుని
జారిపోయిన ముక్కుపుడక వెతుకుతున్నట్టు.

మూడు గుంజులు.
గుండె జారింది. లాగమనే అర్థం, నాకు తెలుసు,
కానీ మా రోజుల్లో మూడంటే "దొరికింది."
దేవుడా అనుకుంటూ లాగాను.

నోట్లో గొట్టం ఊసేసి
పళ్లు టకటకలాడుతుంటే నవ్వుతోంది.
"బొమ్మిడాయి, బాబాయ్! రాతి సందులోంచి తల ఒక్కటే పెట్టి
నిద్ర చెడగొట్టిన దాన్ని చూసినట్టు చూసింది!"
వేళ్లు కొంకర్లు పోయి కప్పు పట్టుకోలేదు.
టీ నేనే తాగించాను.

"నువ్వేం చూశావు, ఇన్నేళ్లూ?"
మాట మార్చాను. ఎక్కడ ఎంత లోతో చెప్పాను.
పిల్ల వినలేదు. కళ్లద్దం తీసి నా మొహానికి తగిలించింది,
చెడిన చెవి దగ్గర రబ్బరు మెల్లిగా సర్ది.
"దిగొద్దు. మొహం ఒక్కటి పెట్టు."
దీపం నీళ్లలోకి పట్టుకుంది.

పడవ అంచున బోర్లా పడుకుని
మొహం నదిలో పెట్టాను. నుదురు పగిలినంత చలి.
కళ్లు మూసుకునే ఉన్నాను, అలవాటు కొద్దీ.
చేతులు వాటంతట అవే
ముందుకి చాపుకుని తడుముతున్నాయి.

తర్వాత తెరిచాను.

నిప్పులు.
రాళ్ల మీద, తూడు కాడల వెంట,
జంటలు జంటలుగా నిప్పు నలుసులు,
రాత్రిపూట మొగల్రాజపురం కొండ మీద ఇళ్లలా.
నీలకంఠ రొయ్యల కళ్లు.
వాటి మధ్య పరిగె పిల్లలు
ఏటికి ఎదురు మొహం పెట్టి నిద్రపోతున్నాయి,
కొట్టుకుపోకుండా తోక మాత్రం కొంచెం ఆడిస్తూ.
మీసాల జెల్ల ఒకటి నా చేతివేళ్ల దాకా వచ్చి
వాసన చూసి, పనికిరానని తేల్చి, పోయింది.

ఇవన్నీ ఉన్నాయా.
నేను తడుముకున్న ప్రతి రాత్రీ
నా మోచేతుల పక్కనే ఉన్నాయా.
ఆ చీరల పక్కన, ఆ జుట్టు పక్కన
ఎవరో ఒకరు మేలుకునే ఉన్నారా.

ఊపిరి బిగబట్టానని నాకే తెలీదు.
పిల్ల భయపడి భుజం మీద తట్టింది,
ఒకటి, రెండు, మూడు.

తల ఎత్తలేదు.
చెయ్యి వెనక్కి చాపి తాడు వెతికి
రెండు గుంజాను.