బుగులు

ముప్పై ఏండ్లాయె బోరు బండి మీద.
పరకాల నుంచి మంథని దాకా
నా రాడ్డు దిగని చెలక లేదు.
కంప్రెషర్ మోతకు ఎడమ చెవి పోయింది.
దేనికీ బెదరలే.

హన్మకొండ నయీంనగర్ల, రెండో అంతస్తుల,
అగ్గిపుల్లంత బిట్టును చూసి
చెప్పులు చేతుల పట్టుకొని ఉరికొచ్చిన.
రెండుసార్లు.

నాలుగు నెలలు ఒక్క దిక్కే నమిలిన.
లవంగాలు, ఉప్పునీళ్లు, నర్సంపేట కాడ ఎవరో ఇచ్చిన పసరు.
రాత్రయితే దవడల బండి స్టార్టయ్యేది,
తెల్లారినా బందయ్యేది కాదు.
"భూమికే బొక్క పెట్టెటోనివి,
పంటికి భయపడ్తవా?" అన్నది అనసూర్య.
బొక్క పెట్టెటోనికే ఎరుక,
లోపటికి పోతే ఏం తగుల్తదో ఎవ్వనికీ తెల్వదని.

మూడోసారి నిఖత్ డాక్టరమ్మ కుర్చీ ఎక్కుమనలే.
బాల్కనీల స్టూలేసి కూసోబెట్టింది.
"బుగులు తప్పు కాదు ఓదెలన్నా, దానికీ మందున్నది."
ఆమె చెప్పింది చెప్పినట్టే యాదికున్నది:
ముక్కుకు చిన్న బుట్ట పెట్టి ఇచ్చే గాలి,
ఒళ్లు తేలికైతది, మెలకువ ఉంటది,
తీసినంక కొన్ని నిమిషాలల్ల దిగిపోతది.
లేకుంటే గోలీ, గంట ముందుగాల మింగాలె,
వెంట మనిషుండాలె, ఆ దినం స్టీరింగ్ ముట్టద్దు.
నరంల ఎక్కించేది ఇంకొకటి,
పిలిస్తే పలుకుతవు, తెల్లారి ఏదీ యాదుండదు.
పూర్తి నిద్ర పెద్ద దవాఖాన ముచ్చట,
ఒక్క పంటికి నీకంత అక్కర లేదు.
"ఏది తీస్కున్నా ఇగుర్ల సూది తప్పది.
మత్తు బుగులుకు, సూది నొప్పికి."

బీపీ అడిగింది, గురక అడిగింది, మందు ఎంత తాగుతవన్నది.
పండుగకు పబ్బానికి అన్న.
వెంటొచ్చిన మంగ్లూ దగ్గిండు.
బస్తర్ పోరడు, అబద్ధాన్ని ఏ భాషలైనా పడ్తడు.
రోజుకో క్వార్టరని ఒప్పుకున్న.
రాసుకున్నది, మొకం మాడ్చకుండ.

గాలే చాలన్న.
నేను లేకుంట నా నోట్ల ఇంకొకరు పని చేసుడు
నాకు పడది.
"మరి ఎప్పుడన్న వద్దనిపిస్తే ఎడమ చెయ్యి లేపు,
ఆపేస్త" అన్నది.

నవ్వు గాలంటరు గాని నవ్వు రాలే.
కాళ్లు ఎవరివో అయినయి,
లైటు నీళ్లల్ల పడ్డ సూర్యుని లెక్క కదిలింది.
మోత ఇనవడ్డది,
పక్కూరి చెలకల ఇంకెవనికో బోరేస్తున్నట్టు.
మధ్యల ఏమయిందో, ఛాతిల బండరాయి తగిలినట్టయింది.
చెయ్యి లేపిన.
ఆగింది.

అంత మోతల,
చెయ్యి లేపంగనే ఆగింది.

అప్పుడు యాదికొచ్చిండు పోశాలు.
రేగొండ దిక్కు, ఎండాకాలం, అయిదు నూర్ల ఫీట్లు దాటినంక
పొడి దుమ్ము తప్ప ఏం రాని పొద్దు.
చెయ్యెత్తిండు ఆపుమని.
"ఇంకో రెండు రాడ్లేద్దాం, తడి తగుల్తది" అన్న నేను.
ఫీటు లెక్కన పైసలు నాయి.
ఎత్తిన చెయ్యి అట్లనే ఉన్నది కొద్దిసేపు,
నేను చూసి గూడ చూడనట్టు మీటరు దిక్కు తిరిగిన.
ఏడు నూర్లకు దించిన. సుక్క లేదు.
ఆయన బుగులుకు
ఏ బుట్టల ఏ గాలి పెట్టిన?

"మళ్ల మొదలువెట్టాల్నా?" అన్నది డాక్టరమ్మ.
కండ్లెంట నీళ్లు కారుతుంటే నొప్పి అనుకున్నది,
ఇంకో సూది ఇయ్యవోయింది.
వద్దని తలూపిన. పెట్టుమన్న.

పన్ను మూడు ముక్కలై వచ్చింది.
కాయితంల చుట్టి ఇచ్చింది.
మూతి సగం మొద్దువారి
మంగ్లూ తెచ్చిన మజ్జిగ సగం అంగి మీదనే పోయింది.

ముక్కలు బండి డ్యాష్‌బోర్డుల ఉన్నయి,
తీరుతీరు రాళ్ల నమూనాల పక్కన.
రేగొండ తొవ్వ వచ్చినప్పుడల్లా
గుంతలు లేకున్నా
గలగలమంటయి.