రెండు వందల రాడ్లు

పత్తికొండలో బోరు బండి ఆఫీసు నాది.
ఆఫీసంటే ఒక బల్ల, ఒక బిల్లు పుస్తకం,
రాడ్డుకు ఇరవై అడుగులు.
పదకొండేళ్లుగా నేను రాసిన లెక్కంతా కిందికే.
ముప్పై రాడ్లు: దుమ్ము.
నలభై రాడ్లు: దుమ్ము.
నలభై ఐదో రాడ్డు దగ్గర రైతు
తలగుడ్డ తీసి మొకం తుడుచుకుంటాడు,
నేను కార్బన్ పేపరు సర్దుకుంటాను.

నాలుగు వేల అడుగులు, భయం లేదా అని అడిగారు దస్తగిరి సారు.
రెండు వందల రాడ్లు సార్, అన్నాను.
ఆయన నవ్వలేదు.
సైన్యంలో ఇరవై రెండేళ్లు దూకిన మనిషి,
నవ్వును కూడా మడిచి, రబ్బరు బ్యాండు వేసి
వీపు సంచిలో పెట్టుకుంటాడు.

మొదటి వారం ఆకాశం ఊసే లేదు.
ట్రాక్టరు ట్రాలీ మీదినుంచి ఎర్రమట్టిలోకి దూకడం.
కాళ్లు జత, మోకాళ్లు రవ్వంత వంపు,
పాదం, పిక్క, తొడ, తుంటి, వీపు,
మూటలాగా దొర్లాల.
"నిలబడాలని సూడొద్దు.
నిలబడాలనుకున్నోళ్ల కాళ్లే ఇరిగేది."
మద్దిలేటికి చిటికెలో వచ్చింది,
హమాలీ గదా, బస్తా ఎట్ల పడేదీ తెలుసు.
నాకు మాత్రం ప్రతిసారీ నిలబడాలనే.
రాత్రి నీళ్లు పోసుకుంటే
తుంటి మీద వంకాయంత కమిలిన నలుపు.

రెండో వారం చింతకొమ్మకు తాళ్లతో వేలాడదీశారు.
"గొడుగు మెలిపడింది. ఏం జేస్తావు?"
వదిలేస్తా సార్, చిన్నదాన్ని లాగుతా.
"ఎంతసేపు ఆలోచిస్తావు?"
ఆలోచించను సార్.
"అబద్ధం. మళ్లా చెప్పు."

ఆపైన తొమ్మిది రోజులు గాలి.
గాలిసంచి అడ్డంగా బిగుసుకొని దించలేదు.
పాతవాళ్లు దూకివచ్చి టీ తాగుతుంటే
నేర్చుకునేవాళ్లం గ్లాసులు అందించాం.
మృగశిర వానకు తుగ్గలి చేలల్లో
వజ్రాలు వెతికే జనం దిగారు,
టిఫిన్ క్యారియర్లు గట్టున, వీపులు ఆకాశానికి.

పదో రోజు తెల్లారుజామున గాలి నిద్రపోయింది.
విమానానికి తలుపు లేదు.
ఎవరూ చెప్పలేదు. కాదు, చెప్పారు, నేను వినలేదు.
నా ముందు మద్దిలేటి
తన పేరే తాను గొణుక్కుంటున్నాడు,
మొక్కేది ఆ దేవుడికేనని తర్వాత తట్టింది.
వాడున్న చోట వెలుగు మిగిలింది.
నా వంతు.

రెక్క కింది కడ్డీ నేను వదిలానో, చెయ్యే విడిచిందో.
వెయ్యినొకటి, వెయ్యిన్రెండు అని అరవాల్సిందానికి
ఒక రాడ్డు, రెండు రాడ్లు, మూడు—
నాలుగో రాడ్డుకు భుజాలు పట్టి ఎవరో లేపారు.
తలెత్తి చూడాలి.
చదరంగా ఉందా, నిలకడగా ఉందా, మాట వింటోందా.
ఉంది. ఉంది. వింటోంది.

పదకొండేళ్ల కంప్రెసరు మోత
చెవుల్లోంచి దిగిపోవడం అప్పుడు విన్నాను.

పైనుంచి బోరు గుంతలు కనబడవు.
అదొక్కటి నేను అనుకోలేదు.
అంత లోతు, అన్ని అప్పులు, సూది బెజ్జమంత కూడా లేదు.
చేను నడుమ బూడిదరంగు మచ్చ, అంతే,
లోపలినుంచి తోడిన రాతిపొడి.
అదిగో ఉరుకుందప్ప చేను.
నలభై ఆరు రాడ్లు. ఇంకా మూడు వేలు బాకీ.

ఎద మీద రేడియో గసిరింది.
"ఎడమ తాడు గుంజు తల్లీ. ఎడమ.
నువ్వు అన్నం తినని చెయ్యి."

గుర్తుపెట్టిన ఇసుక దాటిపోయాను.
"ఇప్పుడు! రెండూ కిందికి!"
నేల ఒక్క క్షణం ఆగి, ఆ తర్వాత వచ్చింది.
పాదం, పిక్క, తొడ.
నిలబడాలని గుర్తే రాలేదు.
నోట్లో ఎర్రమట్టి.

"లేచి చెయ్యి ఊపు తల్లీ, చెయ్యి ఊపు."
లేవబుద్ధి కాలేదు.
నడుం మీద చెయ్యి పెట్టుకొని ఒక అవ్వ వచ్చింది.
"ఏమ్మే, పైన ఏమన్నా దొరికిందా?
నేను వెతికిన జాడంతా చెరిపితివి గదే."
అంటూనే నాతోపాటు గుడ్డ మడవసాగింది.
మడతల్లో చిక్కిన రాళ్లను ఒక్కొక్కటీ ఏరి
నాలుకతో తడిపి, ఎండకు పట్టి చూసి పారేసింది.

ఒకదాన్ని మాత్రం కొంగున ముడేసుకుంది.
ఏందో నేనడగలేదు.